పాలక్యాను

కాన్ఫరెన్స్ గుర్తు చెరపడానికి
మూడు డబ్బాల పచ్చరంగు పట్టింది.
గడ్డికి గడ్డిరంగు పూయడం
నా ఇరవై ఆరేళ్ళ కొలువులో ఇదే మొదలు.
వాన పడితే చాలు, కింది పాత నీలం
కమిలిన దెబ్బలా పైకి తేలుతుంది.

మాది వర్డెల్ కాలేజీ.
గోధుమచేల నడుమ పదకొండు వేల మంది పట్టే స్టేడియం,
ఊరి జనాభా తొమ్మిది వేలు.
మిగతా రెండు వేల మందీ
ముప్పై ఒక్క మైళ్ళ అవతల, నది దాటి, స్టాంటన్ ఫోర్క్ నుంచి వచ్చేవాళ్ళు,
మమ్మల్ని తిట్టడానికి.

దాయాదులం.
గట్టు తగాదా లేదు, పంచుకోవలసిన ఆస్తీ లేదు,
ఉన్నదల్లా సొట్టలు పోయిన ఒక తగరపు పాలక్యాను.
నవంబరు మూడో శనివారం ఎవరు గెలిస్తే
ఏడాదిపాటు వాళ్ళది.
మా తాత హెన్రిక్ ఆడిన ఏడు
మంచులో బంతే కనబడక, గెలుపు తేలక
క్యానును వంతెన కాపలావాడి ఇంట్లో ఉంచారట.
అతని భార్య అందులో ఉల్లిపాయలు పోసుకుందట.

తర్వాత టీవీ వాళ్ళు బల్ల మీద దేశపటం పరిచారు.
ఫోర్క్‌కు పెద్ద పిలుపు వచ్చింది.
మేం ఎనిమిది జట్లం అయిదయ్యాం, అయిదు మూడయ్యాం.
మూడు కాళ్ళ పీట నిలుస్తుంది గానీ
మూడు జట్ల కాన్ఫరెన్స్ నిలవదని
లాయరు వచ్చి చెప్పి, బిల్లు ఇచ్చి వెళ్ళాడు.

ఏరు దాటి తెప్ప తగలేశారని
మార్లిస్ కాఫీహోటల్లో ఇప్పటికీ పళ్ళు కొరుకుతారు.
నాకు కోపం రాదు.
తెప్పకు కోపమెక్కడిది?

సెప్టెంబరులో పద్నాలుగు వందల మైళ్ళు పోయి
డబ్బు తీసుకుని ఓడి వచ్చాం.
అరవై మూడు, సున్నా.
ఆ చెక్కుతో బస్సుకు టైర్లు, స్నానాల గదికి వేడినీళ్ళు.
అయినా ఆడపిల్లల ఈతజట్టు దక్కలేదు,
కొలనులో ఇప్పుడు మడతకుర్చీలు మునిగి ఉన్నాయి, నీళ్ళు లేకుండానే.
తిరుగు ప్రయాణంలో క్వార్టర్‌బ్యాక్ టవిటా
నడుం చుట్టూ కట్టు సర్దుకుంటూ అడిగాడు:
"మన పక్కటెముకల రేటు ఎంతన్నా, ఒక్కోటి?"
నవ్వుతూనే అడిగాడు.
బస్సులో ఎవరూ నవ్వలేదు.

అక్టోబరులో ఆర్లో ప్రిచెట్ ఫోన్ చేశాడు.
ఫోర్క్‌లో గీతలు గీసేది అతనే.
సున్నం అయిపోతే నేనూ, తాడు తెగితే అతనూ
ఒకరి గుమ్మం ఒకరం తొక్కినవాళ్ళం.
"మాకు కొత్త మైదానం వేశారు," అన్నాడు.
"నకిలీ గడ్డి. గీతలు ఫ్యాక్టరీలోనే కుట్టుకొచ్చాయి.
వంకర అన్నదే లేదు. నువ్వు చూడాలి."
కాసేపు ఇద్దరం ఫోను పట్టుకునే ఉన్నాం.
"నన్ను పార్కింగుకు మార్చారు."

చివరి ఆట మాదే, పదిహేడు–పదహారు.
క్యాను అద్దాల బీరువాలో ఉండిపోయింది.
గుంజుకుపోయేవాడు లేకపోతే
అది ఉత్త క్యానే.
తాళంచెవి నా దగ్గరుంది.

మూడో శనివారం.
వంతెన మధ్య రెండు ట్రక్కులు,
గాలికి టోపీలు చేత్తో పట్టుకుని ఇద్దరం.
వెనకతలుపు మీద క్యాను పెట్టాను.
ఆర్లో దాన్ని తట్టి చూశాడు, పుచ్చకాయను తట్టినట్టు.
"ఎలా ఆడదాం మరి?" అన్నాడు.
ఒకరికి మోకాలు అరిగింది, ఒకరికి నడుం.
జేబులోంచి పావు డాలరు తీశాను.

బొమ్మ పడింది.
అతను అడిగింది బొమ్మే.

పాత బిల్లు వెనక రశీదు రాయించుకున్నాను,
వచ్చే నవంబరు దాకా అని.
ట్రక్కు మలుపు తిరిగేదాకా
గొలుసు లేని క్యాను ఖణఖణమంటూనే ఉంది.
దొంగవెధవ,
నాణెం ఇంకోసారి ఎగరేద్దామన్నా ఒప్పుకోలేదు.